ఒక కంటితో ఏడ్చే ఆమె

ముందే చెప్పేస్తున్నాను, నేను దయ్యాలూ గియ్యాలూ నమ్మే మనిషిని కాను. కావలిలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయినదాన్ని. కన్ను పాఠం వచ్చినప్పుడల్లా మాంసం కొట్టు నుంచి మేకకన్ను తెప్పించి, బ్లేడుతో కోసి, లోపలి కటకం తీసి పేపరు మీద పెట్టేదాన్ని. దాని కింద అక్షరాలు పెద్దవిగా కనపడేసరికి పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూసేవాళ్ళు. ఎవరైనా దయ్యం మాట ఎత్తితే "నీ కంటితో నువ్వు చూసినావా?" అని నిలదీసేదాన్ని. పాపం, ఒక్కరూ చూశామనేవాళ్ళు కాదు.

కానీ నా సొంత చెల్లెలి విషయంలో జరిగినదానికి ఇన్నేళ్ళయినా నా దగ్గర సమాధానం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. పెంచి రాయను.

మా ఊరు ఇందుకూరుపేట నుంచి మైపాడుకు పోయే దారిలో ఉంది. పెరట్లో నిలబడితే సముద్రం కనపడదు గానీ గాలి ఉప్పగా తగిలేది. నాయనకు నాలుగెకరాల మాగాణి. నేను పెద్దదాన్ని. నా తర్వాత ఐదేళ్ళకు రమణ పుట్టింది.

రమణ పుట్టుగుడ్డి. కనుపాప నడుమ నల్లగా ఉండాల్సిన చోట, రెండు కళ్ళలోనూ పాలచుక్క వేసినట్టు తెల్లగా ఉండేది. పగలూ రాత్రీ తేడా తెలిసేది. ముఖం ముందు చెయ్యి ఆడిస్తే నీడ తెలిసేది. అంతకు మించి ఏమీ లేదు. దాని కళ్ళు ఒక చోట నిలిచేవి కావు, ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు ఎప్పుడూ అటూ ఇటూ ఊగుతూనే ఉండేవి. పుట్టుకతో చూపు లేని పిల్లల కళ్ళు అట్లాగే ఉంటాయని నేను తర్వాత చదువుకున్నాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అమ్మ నాయనకు రెండో భార్య. మొదటి ఆమె పేరు శేషమ్మ, గూడూరు అవతల కోట ఊరి పిల్ల. పెళ్ళయిన రెండేళ్ళకు, ఏడో నెల కడుపుతో ఉండగా విషజ్వరం వచ్చి పోయింది. అది నేను పుట్టక ముందు మాట. మా ఇంట్లో ఆమె ఫోటో లేదు. ఆమె మాట ఎవరూ ఎత్తరు. నాకే పదేళ్ళొచ్చాక పక్కింటివాళ్ళ నోటి వెంట తెలిసింది. రమణకైతే చెప్పినవాళ్ళే లేరు.

రమణ కళ్ళు అట్లా పుట్టేసరికి ఊళ్ళో ఆడవాళ్ళు అమ్మ వెనక ఒకటే మాట అనుకున్నారు, సవతి చూపు తగిలిందని. కడుపు పండకుండా పోయిన మనిషి రెండో ఆమె బిడ్డను ఊరికే వదులుతుందా అని. అమ్మ ఆ మాట నమ్మింది. ఏటా మాకు తెలియకుండా శేషమ్మ పేరున కొత్త చీర పెట్టి, దండం పెట్టుకుని, ఎవరైనా ముత్తైదువకు ఇచ్చేది. అందులో భక్తి కన్నా భయమే ఎక్కువ. కోటలో శేషమ్మ తల్లి బతికే ఉంది. మొదటి భార్య పుట్టిల్లే రెండో ఆమెకూ పుట్టిల్లని మా వైపు ఆచారం. అయినా అమ్మ ఆ గడప తొక్కలేదు.

రమణకు ఐదారేళ్ళు వచ్చాక, నాట్ల రోజుల్లో అమ్మ దాన్ని ఇంట్లోనే వదిలి వీధి తలుపు గొళ్ళెం పెట్టి పొలానికి పోయేది. నేను బడికి పోయేదాన్ని. పెరటి వసారాలో చాప వేసి కూర్చోబెడితే రమణ కదలకుండా చింతగింజలతో ఆడుకునేది. సాయంత్రం మేం వచ్చేసరికి ఏడుపూ మొరాయింపూ ఏమీ ఉండేవి కావు. మంచి పిల్ల అని మేం మురిసిపోయేవాళ్ళం.

ఒక రోజు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు రమణ అంది, "నిన్న ఆమె శానాసేపు ఉన్నింది."

"ఎవురే?" అన్నాను.

"ఆమె. వస్తా ఉంటిందే."

"ఏం మాట్లాడింది?"

"మాట్లాడదు. దూరంగా కూర్చోనుంటింది. ఒక కంటితో ఏడస్తా ఉంటింది."

నాకు నవ్వొచ్చింది. ఒక కంటితో ఎవరైనా ఎట్లా ఏడుస్తారే అన్నాను. రమణ తన పావడా అంచు ఎత్తి ఎడమ కంటికి అద్దుకుంది. కాసేపాగి మళ్ళీ అద్దుకుంది. "ఇట్టా" అంది.

అమ్మ గంజి వారుస్తా ఉండింది. కుండ అట్లాగే వంచి ఉంచింది, గంజి గిన్నె నిండి కాలి మీద పడిందాకా తెలుసుకోలేదు. ఆ రోజు నుంచి కొన్నాళ్ళు రమణను తనతో పొలానికి తీసుకుపోయి గట్టున కూర్చోబెట్టింది. ఎండకు పిల్లకు జ్వరం తగిలింది. మళ్ళీ ఎప్పటి మాదిరి ఇంట్లోనే వదలాల్సి వచ్చింది.

నా మటుకు నేను అది పిల్లల ఊహ అనుకున్నాను. ఒంటరిగా ఉండే పిల్ల తోడు కల్పించుకుంది, అంతే. ఇప్పుడు ఏ పిల్ల గురించి చెప్పినా అదే అంటాను.

ఆ తర్వాత నా కళ్ళతో చూసింది చెబుతాను. అప్పటికి నాకు పన్నెండేళ్ళు, రమణకు ఏడు. బడిలో పెద్దయ్యవారికి ఒంట్లో బాగాలేదని మధ్యాహ్నమే వదిలేశారు. మిట్టమధ్యాహ్నం, కళ్ళు తెరవలేని ఎండ. వీధి తలుపు తీసుకుని పెరటి వైపు వచ్చాను. వసారాలో చాప మీద రమణ లేదు.

మా పెరట్లో బావి ఉండేది. దానికి అప్పటికి గోడ లేదు, చుట్టూ రాళ్ళు పరిచి ఉండేవి, అంతే. రమణ ఆ రాళ్ళ మీద నడుస్తా ఉంది. చేతులు ముందుకు చాపలేదు, కాలితో తడుముకోలేదు. మామూలు పిల్ల నడిచినట్టు నడుస్తా ఉంది. బావి వంపు తిరిగే చోట తనూ తిరిగింది. ముఖం కొంచెం పైకెత్తి ఉంది, నాలుగడుగుల ముందు ఎవరో పెద్దమనిషి పోతూ ఉంటే వాళ్ళ వీపు చూస్తూ వెనక నడిచినట్టు.

నేను దాని కళ్ళు చూశాను. ఎప్పుడూ ఊగే ఆ కళ్ళు ఊగడం లేదు. రెండూ ఒకే చోట నిలబడి ఉన్నాయి.

అరిస్తే అదిరిపడి బావిలో పడుతుందేమోనని ఆగాను. అది రాళ్ళు దాటి మట్టి మీదికి వచ్చాక "రమణా!" అని అరిచాను. అంతే, కళ్ళు మళ్ళీ ఊగడం మొదలుపెట్టాయి. చేతులు రెండూ గాల్లోకి చాచి, ఒక్క అడుగు కూడా వెయ్యలేక అక్కడే నిలబడిపోయింది. పరుగెత్తి పోయి పట్టుకున్నాను. "యాడికి పోతా ఉండావే?" అంటే, "ఆమె ఇంట్లోకి పోదామన్నట్టు లేచింది, నేనూ వస్తా ఉండా" అంది.

పెరట్లో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ఈ సంగతి నేను అమ్మకు చెప్పలేదు. బావికి గోడ కట్టించమని మాత్రం నాయనను పోరు పెట్టాను. ఆ వేసవికి కట్టించాడు.

రమణకు తొమ్మిదేళ్ళప్పుడు బళ్ళో పిల్లల కళ్ళు చూడ్డానికి నెల్లూరు నుంచి ఒక డాక్టరు వచ్చాడు. కళ్ళ కలకలు, పుసులు కట్టి రెప్పలు గరగరలాడే జబ్బు మా వైపు అప్పుడు ఇంటింటా ఉండేది. నేను రమణను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. ఆయన టార్చి వేసి చూసి, "ఇది గుడ్డితనం కాదమ్మా, పొర. ముసలివాళ్ళకు వచ్చే శుక్లం లాంటిదే ఈ పిల్లకు పుట్టుకతోనే వచ్చింది. ఇప్పటికే బాగా ఆలస్యమైంది, వెంటనే మద్రాసు తీసుకుపొండి" అన్నాడు.

మద్రాసు కంటాసుపత్రిలో రెండు నెలల పైన ఉన్నాం. సెలవులు కాబట్టి అమ్మకు తోడుగా నేనూ పోయాను. అక్కడి డాక్టరు తమిళాయన. ఓపికగా, వచ్చీరాని తెలుగులో అడిగాడు, ఈ పిల్ల కడుపులో ఉండగా నీకు జ్వరమేమైనా వచ్చిందా అని. అమ్మ ఆలోచించి, మూడో నెల రాకముందు ఒళ్ళంతా ఎర్రగా పేలి నాలుగు రోజులు జ్వరం ఉందని చెప్పింది. "ఆ నెలల్లోనే బిడ్డ కంటిలో కటకం తయారయ్యేది. ఆ జ్వరం దాన్ని పాడు చేసి ఉంటుంది" అన్నాడు ఆయన.

"ఎవురన్నా చూపు పెడితే ఇట్లా అవుతుందా సార్?" అని అమ్మ అడిగింది.

"అవదమ్మా. ఎవరి తప్పూ లేదు" అన్నాడు.

అమ్మ తలూపింది గానీ నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది.

ముందు ఒక కన్ను, కొన్ని వారాల తర్వాత రెండో కన్ను చేశారు. కట్లు విప్పి, సోడాబుడ్డి అద్దాలు పెట్టిన రోజు మేమేదో అద్భుతం జరుగుతుందనుకున్నాం. రమణ వెలుగుకు తట్టుకోలేక ఏడ్చింది. అమ్మ ఎదురుగా నిలబడి నవ్వుతూ ఉంటే దానికేమీ తెలియలేదు. "ఏదో కదలతా ఉంది" అంది. "నేనేనే, అమ్మను" అన్నాక గొంతు గుర్తుపట్టి చేతులు చాపింది. అమ్మ ముఖం తడిమి చూసింది. తడిమిన ముఖమూ కంటికి తెలుస్తున్న ఆ మరకా ఒకటేనని దానికి అర్థం కాలేదు.

చూపు వచ్చినంత మాత్రాన చూడ్డం రాదని ఆ డాక్టరే మాకు చెప్పాడు. పుట్టినప్పటి నుంచి నేర్చుకోవాల్సింది ఇప్పుడు నేర్చుకోవాలన్నాడు. నిజమే. ఊరికి వచ్చాక కూడా రమణ చెంబును పిల్లి అనుకునేది, పట్టుకున్నాక నవ్వేది. నేల మీద నీడ పడితే గుంట అనుకుని దాటేది. రంగులు మాత్రం తొందరగా పట్టుకుంది, వాటి పేర్లు అడిగి అడిగి నేర్చుకుంది. మనుషుల ముఖాలు అస్సలు తెలిసేవి కావు. నేనూ అమ్మా పలక్కుండా పక్కపక్కన నిలబడితే ఎవరు ఎవరో చెప్పలేకపోయేది. ఇక బొమ్మలూ ఫోటోలూ దాని లెక్కలో ఉత్త కాగితాలు. నాయన ఫోటో చూపిస్తే వేలితో రుద్ది, "నున్నగా ఉందే, ఏంది ఇది?" అంది. అందులో మనిషి ఉన్నాడంటే మేం ఆటపట్టిస్తున్నామనుకుంది.

ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇక్కడి నుంచి జరిగినదే నాకు అర్థం కానిది.

కట్లు విప్పి నాలుగు నెలలయి ఉంటుంది. కోట నుంచి కబురొచ్చింది, శేషమ్మ తల్లి దగ్గర నుంచి. "ఆ పిల్లకు కళ్ళొచ్చినాయంట. నా కళ్ళు మూసుకునే లోపల ఒకసారి తెచ్చి చూపించండి" అని. అమ్మ పోనంది. నాయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఆ రోజు మాత్రం "ముసిలామె అడిగింది, పోవాల" అన్నాడు. నలుగురం బయలుదేరి, నెల్లూరు మీదుగా గూడూరు, అక్కణ్ణించి కోట బస్సు ఎక్కాం.

చేరేసరికి మధ్యాహ్నం. కోట అవ్వ వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉంది, పక్కన తమలపాకుల పళ్ళెం. నాయనను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ గడప ఇవతలే నిలబడిపోయింది. అవ్వ రమణను దగ్గరికి తీసుకుని, అద్దాలు పైకెత్తి కళ్ళు చూసి, "చల్లగా ఉండు తల్లీ" అంది. నాయన కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి పోయాడు.

పెద్దవాళ్ళ మాటల్లో రమణ లేచి, గోడ పట్టుకుని నడుస్తా నడిమింట్లోకి పోయింది. పడుతుందేమోనని నేను వెనకే పోయాను. గోడ నిండా పటాలు. దేవుళ్ళవి, చనిపోయిన పెద్దవాళ్ళవి, పెళ్ళిళ్ళవి. రమణ వాటి ముందు ఆగింది.

"అక్కా, ఆమె ఈడ ఉంది" అంది.

గదిలో ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాను. ఎవరూ లేరు. రమణ వేలు చాచి ఒక పటం అద్దానికి ఆనించింది. ఏదో పెళ్ళిలో తీసిన ఫోటో. నలుగురు ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఒకే ఇంటి పోలికలు, ఒకే రకం జడలు, ఎవరు ఎవరో నాకే తేడా తెలియడం లేదు. రమణ వేలు మూడో మనిషి మీద ఉంది.

నేను రమణ ముఖం చూశాను. అద్దాల వెనక కళ్ళు ఊగడం లేదు. ఆపరేషన్ అయినా ఊగడం పోలేదని, పోదని డాక్టరు చెప్పాడు. అవి ఊగడం లేదు.

"ఎవురు?" అన్నాను.

"మన వసారాలో కూర్చోనుండేదే, ఆమె."

అవ్వ కర్ర పట్టుకుని లోపలికి వచ్చింది. పిల్ల వేలు ఎక్కడుందో చూసింది. "అది నా బిడ్డ శేషమ్మ" అంది. "నీకెవురు చెప్పినారు తల్లీ?"

నా నోటికి వచ్చేసింది, "అవ్వా, ఆమె... ఒక కంటితో ఏడ్చేదా?"

అవ్వ నా వైపు తిరిగి చెప్పింది. శేషమ్మకు చిన్నప్పటి నుంచి ఎడమ కంట్లో నీళ్ళు కారే జబ్బు. కన్నీళ్ళు ముక్కులోకి దిగే దారి పూడిపోయిందని నెల్లూరులో ఎవరో డాక్టరు చెప్పాడట. కొయ్యాలంటే భయపడి చేయించలేదు. ఎప్పుడు చూసినా కొంగు అంచు ఎడమ కంటికి అద్దుకుంటూ ఉండేదట. ఫోటోలో చేతులు రెండూ కిందికే ఉన్నాయి, కళ్ళు రెండూ మామూలుగానే ఉన్నాయి.

అప్పుడు రమణ అంది, "చీర నల్లగా ఉందేంది ఇందులో? ఆమెది ఈ రంగు కాదు." గదంతా చూసి, వసారాలోకి పోయి, అవ్వ పళ్ళెంలో తమలపాకు మీద చెయ్యి పెట్టింది. "ఇదీ."

అవ్వ వెనకే వచ్చి నులకమంచం మీద కూర్చుని చెప్పింది. శ్రీమంతానికని నాయన నెల్లూరులో కొన్న ఆకుపచ్చ చీర. కట్టుకోక ముందే జ్వరం వచ్చింది. కాటికి సాగనంపేటప్పుడు ఆ చీరే కట్టారట.

కాళ్ళు కడుక్కుని వచ్చిన నాయన వాకిట్లోనే ఆగిపోయాడు. ఆ చీర సంగతి ఆయన మా దగ్గర ఎన్నడూ అనలేదు. అమ్మకు కూడా తెలియదు.

అమ్మ గడప దాటింది. రమణ ముందు మోకాళ్ళ మీద కూర్చుని భుజాలు పట్టుకుంది. "ఆమెకు కోపమా? నా మింద కోపంగా ఉండేదా? చెప్పు తల్లీ, నిజం చెప్పు."

రమణకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "కోపం ఎందుకమ్మా? నేను బావి పక్కకు పోతే లేచి ముందరికి వచ్చేది. నువ్వు గొళ్ళెం తీసే చప్పుడు వినపడితే పోయేది."

పదేళ్ళుగా అమ్మ మోస్తున్నది ఏదో ఆ మాటతో విరిగిపోయింది. అవ్వ ఒళ్ళో తల పెట్టి, చంటిపిల్ల మాదిరి ఏడ్చింది. "అమ్మా" అని పిలిచింది ఆమెను. నాకు తెలిసి అదే మొదటిసారి. అవ్వ ఆ రాత్రి మమ్మల్ని పోనివ్వలేదు, అమ్మకు తలంటి, పూలు పెట్టి, మర్నాడు చీర పెట్టి పంపింది.

తిరుగు బస్సులో రమణ కిటికీ పక్కన కూర్చుంది. నన్ను రాత్రంతా ఒకటే ప్రశ్న తొలిచింది. అన్నేళ్ళలో మాలో ఒక్కరికి కూడా ఆ ప్రశ్న ఎందుకు రాలేదో తెలియదు. అడిగాను. "ఆమె మాట్లాడదు, నిన్ను ముట్టుకోదు అంటివే. మరి వచ్చినట్టు నీకెట్లా తెలిసేది?"

"కనపడేది కదక్కా."

"అప్పుడు నీకు చూపు లేదు కదే!"

రమణ నా వైపు తిరిగింది. "మీరందరూ కనపడడం, కనపడడం అంటా ఉంటిరే, అదే అనుకున్నా. నాకు ఆమె ఒక్కతే కనపడేది. ఆపరేషన్ అయితే అందరూ ఆమె మాదిరే కనపడతారనుకున్నా." అద్దాలు తీసి పావడాతో తుడుచుకుంది. "మీరంతా ఇంత మసగ్గా ఉంటారనుకోలేదక్కా."

కట్లు విప్పిన రోజు నుంచి ఆమె మళ్ళీ కనపడలేదట. కొన్నాళ్ళు రమణ మధ్యాహ్నాలు అద్దాలు తీసేసి వసారాలో కూర్చునేది. ఏమీ లేదు.

ఏడాదికి మద్రాసు డాక్టరు దగ్గరికి పోయినప్పుడు నేను ఆయనకు మొత్తం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పుట్టుకతో చూపు లేనివాళ్ళకు కలలో కూడా ముఖాలు రావన్నాడు. నాలుగు నెలల్లో ఈ పిల్ల ఫోటోలో మనిషిని పోల్చుకోవడం తను నమ్మలేనన్నాడు. ఎవరో చెప్పి ఉంటారన్నాడు. నాయన తప్ప మా ఇంట్లో ఎవరికీ తెలియని చీర రంగు ఎవరు చెబుతారు, సార్, అంటే రమణ కళ్ళలో మళ్ళీ టార్చి వేసి చూశాడు.

తర్వాత నేను చదువుకున్నాను, పాఠాలు చెప్పాను, దొరికిన పుస్తకాలన్నీ చూశాను. ఒక్కో ముక్కకు ఒక్కో కారణం దొరుకుతుంది. అన్నిటికీ కలిపి దొరకదు. రమణ నెల్లూరులోనే కాపురం చేసింది, ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఈ మధ్య అడిగితే, "ఆమె ముఖం మరిచిపోతా ఉండానక్కా, ఆ ఫోటోలో ముఖమే అడ్డం వస్తా ఉంది" అంది, ఏదో తప్పు చేసినదాని మాదిరి.

నాకు తెలిసింది ఇంతే. నా చెల్లెలు తన బతుకులో మొట్టమొదట చూసిన మనిషి, అది పుట్టడానికి ఏడెనిమిదేళ్ళ ముందే చనిపోయింది. అది ఎట్లా కుదురుతుందో నాకు తెలియదు. తెలిసినట్టు నటించలేను.